విసనకర్ర వదలని మనిషి

మొన్నామధ్య మా ఆయన కంటి ఆపరేషన్ కోసం నరసరావుపేటలో ఒక ఆసుపత్రిలో ఉన్నాం. పక్క మంచం మీద ఒక పెద్దావిడ, ఆవిడకి తోడుగా మనవరాలు. ఆ పిల్ల ఫోను చెవిన పెట్టుకునే లేచి, "ఆంటీ, మా అమ్మమ్మని కాస్త చూస్తుండండి" అనేసి గుమ్మం దాటబోయింది. ఊరుకునే రకాన్ని కాదు కదా నేను, వెనక్కి పిలిచాను. ఏం చూడాలో చెప్పి వెళ్లమన్నాను. ఆవిడ ఏం తాగొచ్చు, ఏం తాగకూడదు, ఏ పక్కకి పడుకోవాలి, ఏ మందు పడింది, ఏది పడలేదు, అన్నీ చెప్పమన్నాను. చెప్పాక అవన్నీ నేను తిరిగి చెప్తాననీ, అప్పటిదాకా కదలొద్దనీ అన్నాను. ఆ పిల్ల నన్ను ఎగాదిగా చూసింది. కంటికి కట్టుతో పడుకున్న మా ఆయన "మొదలెట్టింది" అని గొణిగాడు.

పిల్ల విసుక్కుంటూనే చెప్పింది. నేను తిరిగి చెప్తుంటే సగంలో తనే నాలిక కరుచుకుంది. షుగరు మాత్ర ఇంకా వెయ్యనే లేదట. ఫోను పక్కన పడేసి, మాత్ర వేసి, నీళ్లు పట్టించి, ఈసారి నిదానంగా అన్నీ చెప్పి వెళ్లింది.

ఈ జబ్బు నాకు పుట్టుకతో వచ్చింది కాదు. ఎనభైల్లో, ఇదే ఊళ్లో, ఒక మనిషి దగ్గర అంటుకుంది. ఆమె పేరు నాకు ఈ రోజుకీ తెలియదు. వార్డులో పేర్లు ఎవరికి కావాలి? మాచర్ల మామ, ఎడ్లపాడు తాత, అలా ఊళ్ల పేర్లతోనే పిలుచుకునేవాళ్లం. ఆమె నకరికల్లు అవతల ఏదో పల్లె నుంచి వచ్చింది కాబట్టి నకరికల్లక్క. ఆమెకి నేను పేటపిల్లని.

మా నాన్న పత్తిమిల్లులో గుమాస్తా. హెర్నియాని దాచీ దాచీ ముదరబెట్టుకుని, ఇక నాలుగడుగులు వెయ్యలేని పరిస్థితి వచ్చాక ఆసుపత్రిలో చేరాడు. అమ్మకి ఆయాసం, ఆ ఫినాయిలు వాసనకి నిలబడలేకపోయింది. ఇంటర్ పూర్తయి టైపు నేర్చుకుంటున్న నేను తోడు వెళ్లాను. ఆ ఆసుపత్రి పేరు ఇక్కడ చెప్పను, చెప్పి చేసేదీ లేదు. మగవాళ్ల ఆపరేషన్ల వార్డు అది. మంచాల మీద మగవాళ్లు, మంచాల కింద మా సంసారాలు: చాప, చెంబు, కిరసనాయిలు స్టవ్వు. ఒళ్లు తుడిచేది మేము, మలమూత్రాలు ఎత్తేది మేము, సెలైన్ సీసా అయిపోవస్తుంటే పరిగెత్తుకెళ్లి చెప్పేదీ మేమే. తీరా డాక్టరుగారు రౌండ్సుకి వస్తున్నారనగానే గొడ్లని తోలినట్టు మమ్మల్ని వరండాలోకి తోలేసేవాళ్లు. రాత్రంతా చూసినవాళ్లు బయట, చూడనివాళ్లు లోపల. అదేం లెక్కో నాకైతే అర్థమయ్యేది కాదు, కానీ ఆసుపత్రి అంటే అంతేనేమో అనుకుని ఊరుకునేదాన్ని.

నకరికల్లక్కది మా నాన్న పక్క మంచం. పొడుగ్గా, నల్లగా, ఎముకలు గట్టిగా ఉన్న మనిషి. పైట బిగించి, నడుం వెనక తాటాకు విసనకర్ర దోపుకుని, పొలం గట్టు మీద నిలబడ్డట్టు కాళ్లు ఎడంగా పెట్టి నిలబడేది. భర్త నాపరాళ్లు తోలేవాడు. బండి తిరగబడి నడుం విరిగింది, నడుం కిందంతా చచ్చుబడింది. తనంతట తను ఒత్తిగిలలేడు. కదపకుండా వదిలేస్తే వీపంతా పుండ్లు పడతాయనీ, పుండ్లు పడితే మనిషి దక్కడం కష్టమనీ డాక్టరుగారు ఆమెతో చెప్పారట. ఆ మాట ఆమె ఎంతగా మనసులో పెట్టుకుందో చెప్పలేను. పూటకి ఎన్నిసార్లు తిప్పేదో తెలియదు గానీ, నేను చూసినప్పుడల్లా తిప్పుతూనే ఉండేది. "లే దొరా, ఇంకో పక్క ఎండాల. కళ్లంలో మిరపకాయలకన్నా బుద్ధుంది, తిరగేస్తే ఊరుకుంటయ్, నువ్వేమో మూలుగుతావు" అనేది. ఆయన మాట్లాడే మనిషి కాదు. ఆమె ఎన్నన్నా అననీ, పైకప్పు వంక చూస్తూ ఉండేవాడు.

చేరిన రోజే చెంబు పట్టుకుని పంపు దగ్గరికి వెళ్లబోతూ, మా నాన్నని కాస్త చూస్తుండమని ఆమెతో అన్నాను. ఆమె నా మణికట్టు పట్టుకుంది.

"ఏం చూడాల?"

"ఊరికే చూస్తుండక్కా."

"ఊరికే చూడ్డానికి మీ నాన్నేమన్నా సినిమానా? ఏం చూడాలో చెప్పు. చెప్పి, ఇది నా చేతికియ్యి."

అని నడుం వెనకనుంచి విసనకర్ర తీసి నా చేతిలో పెట్టి, మళ్లీ తనే దాని రెండో కొస పట్టుకుంది. నాకు ఒళ్లు మండింది. చెంబెడు నీళ్లకి వెళ్లడానికి ఇంత తతంగమా అనుకున్నాను. అయినా చెప్పాను. దగ్గు వస్తే పొట్ట అదిమి పట్టుకోవాలి, నొప్పి అంటే మోకాళ్లు ముడిచి పడుకోబెట్టాలి, లేచి నడుస్తానంటే ఒప్పుకోకూడదు. ఆమె ఒక్కొక్కటీ తిరిగి చెప్పింది. చెప్తూ ఊరికే చెప్పలేదు, పొట్ట అన్నప్పుడు మా నాన్న పొట్ట మీద చెయ్యి పెట్టింది, మోకాలు అన్నప్పుడు మోకాలు ముట్టుకుంది. అంతా అయ్యాక నేను విసనకర్ర వదిలితే, అప్పుడు పొమ్మంది. మా నాన్న సిగ్గుతో గోడవైపు తిరిగిపోయాడు.

ఆ పద్ధతి వాళ్ల చేలల్లోదట. సాగరు కాలువకి చిట్టచివర ఉన్న చేలు వాళ్లవి. నీళ్లు అక్కడిదాకా వచ్చేదే గగనం, వచ్చిన కాసినీ వంతులవారీగా పెట్టుకోవాలి. ఒకరి వంతు అయిపోయి ఇంకొకరి వంతు మొదలయ్యేటప్పుడు, దిగేవాడు తూము దగ్గర నిలబడి అన్నీ అప్పగించాలి. నీళ్లు ఎంత వస్తున్నాయి, గట్టు ఎక్కడ మెత్తబడింది, ఎండ్రకాయ బొక్క ఎక్కడ పడింది, అంతా చెప్పాలి. ఎక్కేవాడు గట్టు మీద నడిచి, ఆ చోటల్లా కాలితో తొక్కి చూసి, తిరిగి చెప్పాలి. అప్పటిదాకా దిగేవాడు పార చేతిలోంచి వదలడు. ఒకసారి పార చేతులు మారిందా, ఆ తర్వాత గట్టు తెగితే తప్పు ఎవరిదన్న మాటే ఉండదు. ఆసుపత్రిలో పార ఎక్కడిది, అందుకని విసనకర్ర పట్టుకున్నానని చెప్పి నవ్వింది. ఆమె నవ్వితే చిగుళ్లు కూడా కనిపించేవి.

మొదట్లో వార్డంతా ఆమెని ఆటపట్టించింది. మస్తాన్ అని లారీ మెకానిక్, కాలు విరిగిన తమ్ముడికి తోడుగా వచ్చి ఉండేవాడు. పోలీస్ స్టేషన్లో చార్జి అప్పగించినట్టుందే నీ వ్యవహారం అని ఆమెని ఏడిపించేవాడు. ఆమె పట్టించుకునేది కాదు. ఎవరు ఏ పని మీద కదిలినా విసనకర్ర చాపేది. మనిషి పక్కన నిలబడి అలా చాపితే కాదని వెళ్లడానికి ఎవరికీ మొహం చెల్లేది కాదు.

ఆ మస్తాన్ నోరే మొదట మూతపడింది. ఒక మధ్యాహ్నం అతను నమాజుకి వెళ్లొచ్చి, తమ్ముణ్ణి మాచర్ల మామ దగ్గర్నుంచి తిరిగి తీసుకుంటున్నాడు. వేళ్లు వెచ్చగా ఉన్నాయని మామ చెప్పాడు. మస్తాన్ అదే మాట ఊరికే తిరిగి అనబోతుంటే, ముట్టుకుని చెప్పమని అక్క కసిరింది. ముట్టుకున్నాడు. పిండికట్టులోంచి బయటికి వచ్చిన కాలివేళ్లు చల్లగా ఉన్నాయి. సిస్టరమ్మ పరిగెత్తుకొచ్చి, కట్టు బిగిసిపోయిందని డాక్టరుగారిని పిలిపించి కోయించింది. ఇంకాస్త ఆలస్యమైతే కాలే పోయేదట. ఆ తర్వాత మస్తాన్ అంత నిష్ఠగా విసనకర్ర పట్టినవాడు వార్డులో లేడు.

సిస్టరమ్మ గురించి కూడా చెప్పాలి, లేకపోతే పాపం ఆమెకి అన్యాయం చేసినదాన్నవుతాను. సన్నటి మనిషి, అంత పెద్ద వార్డుకి ఒక్కతే. ఎప్పుడు చూసినా పరుగే. నేను చేరకముందు ఎవరో ఆపరేషన్ అయిన మనిషికి జాలిపడి పప్పన్నం పెట్టారట, ఆ మనిషి చావు అంచుదాకా వెళ్లి వచ్చాడట. అప్పట్నుంచీ ఆమె ఒక రూలు పెట్టింది. చెప్పకుండా ఎవరైనా రోగికి ఏదైనా పెట్టినా, తాగించినా, వాళ్లు వార్డు గేటు బయటికే, మళ్లీ లోపలికి అడుగు పెట్టనివ్వనని. ఆ రూలు వల్ల ఏమైందయ్యా అంటే, పెట్టేవాళ్లు పెడుతూనే ఉన్నారు, కాకపోతే కొంగు చాటున పెట్టేవాళ్లు. అడిగితే ఒట్టేసి లేదనేవాళ్లు. బయటికి పంపేస్తే మన మనిషిని ఎవరు చూస్తారని అందరికీ భయం. మిగతావాళ్ల మాట ఎలా ఉన్నా, నకరికల్లక్కని బయటికి పంపితే ఆయన వీపు ఏమవుతుందో వార్డులో అందరికీ తెలుసు.

నాన్న ఆపరేషన్ రోజు వచ్చింది. మంచి ఎండాకాలం. రాత్రి నుంచీ నోట్లో చుక్క పడకూడదని సిస్టరమ్మ గట్టిగా చెప్పింది. కడుపులో ఏమున్నా మత్తులో వాంతయి ఊపిరితిత్తుల్లోకి దిగుతుందనీ, ప్రాణానికే ముప్పనీ చెప్పింది. పొద్దున్నే తీసుకెళ్తామన్నవాళ్లు కరెంటు పోవడంతో ఆగిపోయారు. ఎండ ముదిరింది. డ్యూటీ దిగి వెళ్లిపోతున్న వార్డుబాయి, ఇవాళ ఇంకేం ఉండదులే అని పోతూపోతూ ఒక మాట అనేసి పోయాడు. నేను ఇంటికెళ్లి స్నానం చేసి రావాలనుకుని అక్కకి విసనకర్ర చాపాను. ఇవాళ ఆపరేషన్ ఉండకపోవచ్చంటున్నారు, కానీ డాక్టరుగారు తన నోటితో చెప్పేదాకా నాన్నకి చుక్క కూడా ఇవ్వొద్దని చెప్పాను. ఆయన నోటితో చెప్పేదాకా చుక్క కూడా ఇవ్వనని ఆమె నాన్న గొంతు దగ్గర వేలు పెట్టి మరీ తిరిగి చెప్పింది. నేను నిశ్చింతగా వెళ్లాను.

టిఫిన్ క్యారియర్ పట్టుకుని తిరిగి వచ్చేసరికి కరెంటు వచ్చింది. వరండాలో స్ట్రెచర్ మీద నాన్న, ఆపరేషన్ థియేటర్ వైపు తోసుకెళ్తున్నారు. వెనక నుంచి నకరికల్లక్క పరిగెత్తుకొస్తోంది. ఆమె పరిగెత్తడం నేను అంతకుముందు చూడలేదు. కొంగు జారిపోయి నేల మీద జీరాడుతోంది, చేతిలో విసనకర్ర ఉంది.

"ఆపండయ్యా" అంది. "ఆయన మజ్జిగ తాగాడు. నేనే ఇచ్చా."

స్ట్రెచర్ ఆగింది. ఆ పక్కనే ఉన్న సిస్టరమ్మ మొహం పాలిపోయింది. అందరికన్నా ముందు మాట్లాడింది మా నాన్న. తనేం తాగలేదనీ, ఆవిడకి ఎండ దెబ్బ తగిలిందేమోననీ అన్నాడు. రాత్రి నుంచీ కడుపు మాడ్చుకున్న మనిషి, ఇవాళ కాదంటే రేపు మళ్లీ మాడాలన్న భయం. కాసేపటి ముందు సిస్టరమ్మ అడిగితే కూడా లేదనే చెప్పాడట. మూతికి గుడ్డ కట్టుకుని డాక్టరుగారు బయటికి వచ్చారు. నాన్న కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

అక్క డాక్టరుగారి వైపు తిరిగి అంతా చెప్పింది. గొంతెండిపోతోందని చిన్నపిల్లాడిలా ఏడ్చాడనీ, ఆపరేషన్ లేదులే అన్న మాట పట్టుకుని గ్లాసుడు మజ్జిగ తనే తాగించాననీ చెప్పింది. "ఇవ్వనని ఈ పిల్లకి చెప్పి కూడా ఇచ్చానండి. తప్పు నాదే" అని నా వైపు చూపించింది. నాకు కోపం రాలేదంటే అబద్ధం. వచ్చింది. ఆ వెంటనే థియేటర్ తలుపు వంక చూశాను. ఆ మజ్జిగతో నాన్న ఆ తలుపు దాటి లోపలికి వెళ్లిపోయి ఉంటే?

డాక్టరుగారు మూతికి కట్టుకున్న గుడ్డ కిందికి లాగారు. "నువ్వు చెప్పకపోతే నాకెలా తెలిసేదమ్మా?" అన్నారు.

"తెలిసేది కాదండి" అంది.

ఆ జవాబు నేను ఇప్పటికీ మర్చిపోలేదు. అందులో గొప్ప లేదు, ఏడుపు లేదు. నీళ్లు ఎంత వస్తున్నాయంటే ఇంత వస్తున్నాయని చెప్పినట్టే చెప్పింది. ఆయన రేపు చేద్దామని స్ట్రెచర్ వెనక్కి పంపారు. సిస్టరమ్మ మాత్రం రూలు రూలేనంది. అందరూ చూస్తుండగా గేటు చూపించింది. నకరికల్లక్క బతిమాలలేదు. నేను బతిమాలబోతే వద్దని కళ్లతోనే వారించి, గేటు వైపు నడిచి వెళ్లిపోయింది.

నేను వార్డులోకి వచ్చేసరికి వాళ్లాయన కుడి చెయ్యి మంచం అంచు మీంచి కిందికి వేలాడుతోంది. తీసి పైన పెట్టాను. ఆయన నా వంక చూడలేదు. ఇంతలో మంచం పక్క కిటికీ ఊచల్లోంచి విసనకర్ర లోపలికి వచ్చింది. ఆవరణ చుట్టూ తిరిగి ఆమె కిటికీ దగ్గరికి వచ్చేసింది.

"పేటపిల్లా, పట్టుకో. ఇప్పుడు కుడి పక్క మీదున్నాడు. ఇందాక నువ్వు పొయ్యేటప్పుడు వెల్లకిలా ఉన్నాడు. నడుం కింద దుప్పటి మడత పడనియ్యమాక. తిప్పేటప్పుడు కాళ్లు లాగమాక, తుంటి కింద చేతులెయ్యి. నువ్వొక్కదానివి చాలవు, మస్తాన్‌ని పిలువు. ఇప్పుడు నువ్వు చెప్పు."

చెప్పాను. ఒక్కో మాటకీ ఆయన ఒంటిని ముట్టుకుని, ఏడుస్తూ చెప్పాను. దుప్పటి మడత మాట మర్చిపోతే ఆమె ఊచల అవతల నుంచి విసనకర్ర గట్టిగా పట్టుకుంది. గుర్తు తెచ్చుకుని చెప్పాక వదిలింది.

ఆ మధ్యాహ్నం గురించి ఎలా రాయాలో నాకు తెలియడం లేదు. ఆయన బరువైన మనిషి. నేనూ మస్తానూ కలిసి తిప్పాం. తర్వాత విసనకర్ర మాచర్ల మామకి ఇచ్చాం, మామ ఎడ్లపాడు తాత భార్యకి ఇచ్చాడు. మా అందరికీ సొంత రోగులున్నారు, సొంత నొప్పులున్నాయి. అయినా ఆ మనిషిని ఒకే పక్క మీద ఉండిపోనివ్వలేదు. అక్క కిటికీ అవతల ఎండలో, కొంగు నెత్తిన వేసుకుని నిలబడి చూస్తూనే ఉంది. ఒక్క మాట కల్పించుకోలేదు. అప్పగించాక కల్పించుకోకూడదట. కిటికీ వైపు తిప్పుదామంటే ఆయన వద్దన్నట్టు తల ఊపాడు. వెలుతురు కళ్లకి కొడుతోందేమో అనుకుని ఇటే తిప్పాం.

సిస్టరమ్మ ఇంజెక్షన్లకి వచ్చినప్పుడల్లా ఆగి మమ్మల్ని చూసేది. విసనకర్ర ఒక చేతినుంచి ఇంకో చేతికి మారడం, మేం ముట్టుకుని ముట్టుకుని చెప్పుకోవడం అంతా చూసింది. పొద్దుగూకకముందే తనే బయటికి వెళ్లి కిటికీ దగ్గర నిలబడింది. లోపలున్న మాకు వినపడింది.

"నిన్ను బయట పెడితే రేపట్నుంచి ఈ వార్డులో ఎవ్వరూ నాకు నిజం చెప్పరు. లోపలికి రా" అంది.

మర్నాడు పొద్దున ఆపరేషన్లకి ముందు సిస్టరమ్మ మంచం మంచానికీ వచ్చింది. ఎవరు ఏం తాగారో, ఎవరు ఏం ఇచ్చారో చెప్పమంది, తిట్టనంది. అందరం నోళ్లు కుట్టేసుకున్నట్టు కూర్చున్నాం. ఆమె మాట నమ్మాలంటే భయం. అప్పుడు నకరికల్లక్క విసనకర్రతో లేచి ఆమె పక్కన నిలబడింది. "నన్ను చూడండి. నిన్న చెప్పా. ఏమైంది? ఒక పూట ఎండలో నిలబడ్డా. మీరంతా నా మనిషిని చూశారు. చెప్పకపోతే ఈ పిల్ల తండ్రి ఉండేవాడా?" అంది. కాసేపటికి ఎడ్లపాడు తాత భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, తెల్లారి తాతకి ఇడ్లీ ముక్క పెట్టానని చెప్పింది. సిస్టరమ్మ పెదవులు బిగుసుకున్నాయి. కానీ తిట్టలేదు. తాత ఆపరేషన్ వాయిదా వేయించి, ఇంకో మంచం దగ్గరికి వెళ్లింది. ఆ ఇంకో మంచం వాళ్లు అడక్కముందే చెప్పారు.

ఆ తర్వాత రౌండ్సుకి మమ్మల్ని బయటికి తోలడం మానేశారు. మంచానికి ఒకరు ఉండొచ్చన్నారు. డాక్టరుగారు కాగితం చూసి, సిస్టరమ్మని అడిగి, ఆఖర్న విసనకర్ర ఎవరి చేతిలో ఉందో వాళ్లని అడిగేవారు. చదువురాని ముసలమ్మలు రాత్రి ఎన్నిసార్లు దగ్గాడో, ఎప్పుడు చలేసిందో చెప్తుంటే అంత పెద్ద డాక్టరూ తల వంచుకుని వినేవారు. నేను ఆ వార్డులో ఉన్నన్నాళ్లూ ఇంకెవరికీ ప్రాణం మీదికి రాలేదు. ఇదంతా నకరికల్లక్క చేసిందని అప్పుడు ఎవరూ అనలేదు, ఆమె కూడా అనుకోలేదు.

నాన్న ఆపరేషన్ చక్కగా అయింది. డిశ్చార్జి రోజు, ఇక అప్పగించేది ఏముందని నేను సంచీ సర్దుకుంటుంటే అక్క కొత్త విసనకర్ర ఒకటి నా చేతిలో పెట్టింది. "ఇంటికాడ మీ అమ్మకి అప్పగించు. తిరిగి చెప్పిందాకా వదలమాక" అంది. వదల్లేదు. గుమ్మంలో మా అమ్మ ఏడుస్తూ, నవ్వుతూ, నాన్న పొట్ట ముట్టుకుని కుట్ల సంగతి తిరిగి చెప్పిన దృశ్యం నా కళ్లలోనే ఉంది. నాన్న ఆ తర్వాత చాలా ఏళ్లు మజ్జిగ గ్లాసు చేతిలోకి తీసుకున్నప్పుడల్లా ఒక క్షణం ఆగి తాగేవాడు.

మరుసటి ఏడు నకరికల్లులో చుట్టాల పెళ్లికి వెళ్లి, నాపరాళ్ల బండి కింద పడిన ఆయన ఇల్లు ఎక్కడని అడుగుతూ వాళ్ల పల్లె దాకా వెళ్లాను. వసారాలో మంచం మీద ఆయన. తేరుకున్నాడు, మొహం నిండుగా ఉంది. కాళ్లు మాత్రం రాలేదు. వీపు మీద ఒక్క పుండు మచ్చ లేదని అక్క చూపించింది, కొత్త ఇల్లు చూపించినట్టు చూపించింది. ఆ రోజు వాళ్ల నీళ్ల వంతు. చూస్తానన్న పొరుగామె ఇంకా రాలేదని గిలగిల్లాడుతోంది. నన్ను చూడగానే విసనకర్ర చాపింది. నేను ముట్టుకుని ముట్టుకుని అన్నీ తిరిగి చెప్పాను. పార భుజాన వేసుకుని, వెనక్కి తిరిగి చూడకుండా చేనికి వెళ్లిపోయింది.

ఆయన గొంతు నేను వినడం అదే మొదలు. పైకప్పు చూస్తూనే అన్నాడు.

"ఆ రోజు మీ నాన్న సంగతి చెప్పమాకే అన్నా. కొంగు పట్టుకున్నా. నిన్ను బయటికి నెడితే నన్నెవరు తిప్పుతారే, నేను చస్తానే అన్నా. కొంగు లాక్కుని పొయ్యింది."

వేలాడుతున్న ఆ చెయ్యి గుర్తొచ్చింది. కిటికీ వైపు తిరగనన్న మొహం గుర్తొచ్చింది. మేం ఎవరం చూడని చోట ఆమె ఎంత పెద్దది విదిలించుకుని పరిగెత్తుకొచ్చిందో నాకు అప్పుడు తెలిసింది. మా నాన్న ఆమెకి ఏమవుతాడని?

"కోపం వచ్చిందా బావగారూ?" అన్నాను.

"చానా వచ్చింది. మీరంతా వంతులేసుకుని నన్ను తిప్పారు చూడు, సాయంత్రానికి పొయ్యింది."

అక్కకి ఆ మాట చెప్పారా అని అడిగాను. లేదని తల ఊపాడు. ఎట్టా చెప్తారో తెలవదన్నాడు. ఆమె కూడా ఆ సంగతి మళ్లీ ఎత్తలేదట. ఏడాదిగా అది వాళ్లిద్దరి మధ్యా అలాగే ఉండిపోయింది.

పొద్దు వాలుతుండగా అక్క వచ్చింది. మోకాళ్లదాకా బురద. పార గోడకి ఆనించి, చెయ్యి కడుక్కుని, విసనకర్ర రెండో కొస పట్టుకుంది. "చెప్పు" అంది.

ఎడమ పక్కకి తిప్పానని చెప్పాను. నీళ్లు తాగాడని చెప్పాను. మడమ దగ్గర కాస్త ఎర్రబడితే కొబ్బరినూనె రాశానని చెప్పాను. ఆ తర్వాత ఇంకోటి కూడా చెప్పాను. కొంగు లాక్కుని వెళ్లిన రోజు బావగారికి నీ మీద కోపం వచ్చిందట, సాయంత్రానికే పోయిందట, నీకు చెప్పడం చేతకాలేదట అన్నాను.

ఆమె మొదలుపెట్టింది. ఎడమ పక్కకి తిప్పావు అంటూ భుజం ముట్టుకుంది. నీళ్లు తాగాడు అంటూ పెదాలు తడిమింది. మడమ ఎర్రబడింది అంటూ వంగి మడమ చూసింది. అక్కడ ఆగిపోయింది. విసనకర్ర లాగింది. నేను వదల్లేదు. మళ్లీ లాగింది. నేను వదల్లేదు.

ఆయన పైకప్పు మీంచి చూపు దించి ఆమెని చూశాడు. ఆమె తడి ఆరని చేత్తో, తడిమి తడిమి, ఆయన గుండె మీద చెయ్యి పెట్టింది.

"నా మీద కోపం పొయ్యింది" అంది. "సాయంత్రానికే పొయ్యింది."

అప్పుడు వదిలాను.